మత్తు డాక్టరమ్మ పెట్టిన సున్నా

మత్తు డాక్టరమ్మ చేతి దెబ్బ తినని మనిషి మా దవాఖానలో లేడు. వార్డుబాయ్‌లు తిన్నారు, నర్సులు తిన్నారు, నేను తిన్నాను. ఆపరేషన్ మధ్యలో ఫోన్ ఎత్తినందుకు ఒక సర్జన్ కూడా తిన్నాడు. పేషెంటు గొంతులోకి గొట్టం దించడానికి వాడే ఉక్కు పరికరం ఒకటి ఎప్పుడూ ఆమె కోటు జేబులో ఉండేది. దాని పిడితో చేతి కణుపుల మీద ఒక్కటి వేసేది. దెబ్బ ముందు, మాట తర్వాత.

"నొచ్చిందా? నొయ్యాలె. మల్ల మర్చిపోవు" అనేది.

ఆమె పోయిందని పోయిన నెలలో ఫోన్ వచ్చింది. అప్పుడు నేను పనిచేస్తున్న చోట మాక్ డ్రిల్ జరుగుతోంది. ఎక్కడో కరోనా కేసులు మళ్లీ పెరుగుతున్నాయట. ఏ దవాఖాన ఏ మేరకు సిద్ధంగా ఉందో చూసి, సాయంత్రంలోగా వివరాలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎక్కించాలని ఆర్డర్. మా ల్యాబ్ టెక్నీషియన్ పేషెంటు వేషం వేసుకుని స్ట్రెచర్ మీద పడుకున్నాడు. అతన్ని తోసుకుపోతున్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోతున్నారు. ఒకరు ఫోటోలు తీస్తున్నారు. ఆ సందట్లోనే, పాత దవాఖానలో మాతో పనిచేసిన ఒక నర్సమ్మ ఫోన్ చేసింది.

"సార్, మన మత్తు మేడం లేదిగ. పొద్దుగాల గుండె ఆగిందట, కొత్తవాడ ఇంట్లనే."

డ్రిల్ వేరేవాళ్లకు అప్పగించి కొత్తవాడకు పోయాను. జంపఖానాలు నేసే ఇళ్ల వీధి అది. ఆమె తండ్రి మగ్గం మీదే బతికిన మనిషి. ఆ ఇంట్లోంచే ఆమె డాక్టరై వచ్చింది, ఆ ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు. వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. అరుగు ముందు ఆమెను పడుకోబెట్టారు. పూలదండ కింద నుంచి కుడి చేయి కనిపిస్తోంది. మణికట్టు దగ్గర పక్కకు తిరిగిపోయి, వేళ్లు సగం ముడుచుకుని ఉన్న చేయి. ఎవరో బంధువు దాన్ని తిన్నగా పెట్టబోయి, అది రాక, దండను దాని మీదికి జరిపింది.

నా పక్కన నిలబడ్డ నడివయసు మనిషి తన ఎడమ చెంప ముట్టుకుని నాతో మెల్లగా అన్నాడు.

"గిక్కడ కొట్టింది సార్. మా ఆడామెకు ఆపరేషన్ అయినంక, బయట నేను ఆమె మీద చెయ్యి లేపిన. మేడం ఎట్ల చూసిందో ఏమో, థియేటర్ల నుంచి చేతులకు ఆ రబ్బరు తొడుగులతోనే వచ్చి కొట్టింది. 'ఆమెకు నొప్పి తెలువకుండ రెండు గంటలు కష్టపడ్డ, నువ్వు రెండు నిమిషాల్ల చెడగొడతవా' అన్నది."

"మల్ల కొట్టినవా ఆమెను?"

"లేదు" అన్నాడు. "కొడదామనిపించినప్పుడు చెంప మండేది" అన్నాడు.

మృదువుగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. చేరదీయడం కూడా కొట్టినట్టే ఉండేది. మత్తు వదలని పేషెంటును లేపడానికి భుజం మీద చిన్నగా తట్టేవాళ్లను చూశాను. ఈమె చెవి పట్టి మెలిపెట్టేది. "లే అవ్వా, బతికినవ్. ఇగ లేసి తిట్టు నన్ను" అనేది. ముసలమ్మలు నిజంగానే తిట్టేవారు. అది విని ఆమె కళ్లు మెరిసేవి.

నేను చేరిన కొత్తలో జరిగింది ఒకటి చెప్పాలి. మాతోపాటు డ్యూటీ డాక్టరుగా ఉన్న ఒకతను వార్డులో పేషెంట్లందరి కేస్ షీట్లలో నిమిషానికి ఊపిరి లెక్క పద్దెనిమిది అని రాసేవాడు. లెక్కపెట్టకుండానే, వరసపెట్టి అందరికీ పద్దెనిమిది. ఒకరోజు రౌండ్‌లో ఆమె ఆ షీట్లు తిప్పింది. అతని వైపు చూడలేదు. దగ్గరికి వెళ్లి, అరచేయి అతని ముక్కూ నోరూ కలిపి మూసి, తలను గోడకేసి నొక్కింది. అతను పొడగరి. ఆమె పొట్టి. అయినా కదల్లేకపోయాడు. కళ్లు బయటికొస్తున్నాయి, కాళ్లు నేల మీద కొట్టుకుంటున్నాయి. నర్సులు దూరంగా జరిగారు.

"ఇప్పుడు లెక్కబెట్టు" అంది ఆమె. "ఎన్నొచ్చినయ్?"

చేయి తీశాక అతను నేల మీద కూలబడి దగ్గుతుంటే, ఆ షీట్లు అతని ఒళ్లో పడేసింది. "ఊపిరంటె గది. ఉన్నదాన్ని చూసి రాయాలె. చూడకుండ రాసేటోడివైతే వేరే నౌకరి చూసుకో పో."

అతను ఆ వారమే మానేశాడు. పోలీసులకు చెప్తానని కూడా అన్నాడు. మా దవాఖాన యజమాని అతని ఇంటికి వెళ్లి బతిమాలుకుని వచ్చాడు. యజమాని ఎముకల డాక్టరు. ఆమె, అతను మెడికల్ కాలేజీలో ఒకే బ్యాచ్. ఆమెను అదుపు చేయగలిగింది అతనొక్కడే అని అందరూ అనుకునేవారు. నిజానికి అతను ఆమెకు భయపడేవాడు. ఆమె చేసిన నష్టాలు సర్దుకుంటూ తిరగడం అతనికి ఒక అలవాటైపోయింది.

కరోనా మొదటి వేవ్‌లో అతను ఇంటికి పోకుండా మాతోపాటు దవాఖాన మేడ మీదే పడుకున్నాడు. మేం తిన్నదే తిన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్పుకోవాలి.

రెండో వేవ్ వచ్చేసరికి మాది కరోనా దవాఖానగా అనుమతి పొందింది. దానితోపాటు ఒక పని వచ్చిపడింది. ప్రతి సాయంత్రం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వివరాలు ఎక్కించాలి. ఎన్ని పడకలు, ఎన్నింటికి ఆక్సిజన్ లైను ఉంది, ఎన్ని ఖాళీ, ఎంత స్టాకు, కిట్లెన్ని, డ్యూటీలో ఎంతమంది. అందులో ఖాళీ పడకల అంకె నేరుగా జనం ఫోన్లలో కనిపించేది. దాన్ని చూసుకునే జనం ఏ దిక్కుకు బండి తిప్పాలో నిర్ణయించుకునేవారు. ఆ పనికి ఒక డాక్టరు పేరు ఇవ్వాలన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. ఆమె "నా పేరు రాయుండ్రి" అంది.

సాయంత్రం కాగానే కిట్టు వేసుకుని వార్డుల్లో తిరిగేది. ప్రతి ఖాళీ మంచం దగ్గర గోడకున్న ఆక్సిజన్ గొట్టం ఊడదీసి, మాస్కు అంచు పైకెత్తి దాన్ని చెంపకు ఆనించుకునేది. గాలి తగిలితేనే ఆ మంచం లెక్కలోకి. మీటరు చూస్తే సరిపోతుంది కదా అని నేనంటే, "మీటర్ ఊపిరి తీస్తదా?" అంది.

తర్వాత ఆక్సిజన్ లారీలు రావడం తగ్గింది. వచ్చినా సగం సిలిండర్లు దించి వెళ్లిపోయేవి. ఉన్నవాళ్లకే గాలి చాలక, ఒక్కొక్కరికి ఇచ్చేది తగ్గిస్తూ వస్తున్నాం. ఆ తగ్గింపులో మనుషులు పోయేవారు. నోరు తెరిచి, మెడనరాలు తాళ్లలా బిగుసుకుని, మంచం పట్టీలు గోళ్లతో గీరుతూ పోయేవారు. వాళ్లు చేసే చప్పుడు నీళ్లలో మునిగేవాడి చప్పుడులా ఉండేది. పోయినవాళ్ల మంచాలు ఖాళీ అయ్యేవి. ఆమె మాత్రం వెబ్‌సైట్‌లో ఖాళీల కింద సున్నా పెట్టేది.

ఒకరోజు నలుగురు పోయారు. ఆ సాయంత్రం జిల్లా ఆఫీసు నుంచి యజమాని ఫోన్‌కు కాల్ వచ్చింది. అతను స్పీకర్ పెట్టి ఆమె ముందుంచాడు. నేను అక్కడే ఉన్నాను.

"మేడం, ఇయ్యాల మీ దగ్గర నలుగురు పోయినట్టు రిపోర్టున్నది. ఖాళీలేమో సున్నా పెట్టిండ్రు. ఎట్ల?"

"మంచాలు ఖాళీనే సార్. గాలి లేదు."

"దానికి వేరే కాలమ్ లేదు మేడం. పడక ఖాళీ ఉంటె ఖాళీ అని చూపియ్యాలె. సున్నా పెడితే బెడ్లు దాచి అమ్ముకుంటున్నరని పైనుంచి అంటరు. టీమ్ వస్తది, పర్మిషన్ క్యాన్సల్ అయితది."

"రానియ్యుండ్రి. వచ్చేటప్పుడు రెండు సిలిండర్లు పట్టుకరమ్మనుండ్రి."

"మేడం, జర అర్థం చేసుకోండి. మా మీద కూడ ప్రెషర్ ఉన్నది."

"గాలి లేని మంచాన్ని మా కొత్తవాడల పాడె అంటరు సార్. పాడెలు కావాల్నంటె చెప్పుండ్రి. శానున్నయి మా కాడ."

ఆ మాటతోపాటే ఫోన్ తీసి గోడకేసి కొట్టింది. అది తన ఫోన్ కాదన్న సంగతి ఆమెకు గుర్తు లేదు. యజమాని వంగి ముక్కలు ఏరుకున్నాడు. ఏరుకుంటూనే అన్నాడు.

"పర్మిషన్ పోతే లోపలున్నోళ్లను ఏడికి తీసుకపోవాలె చెప్పు. పొద్దటికి లారీ వస్తదని ఒట్టేసి చెప్పిండ్రు. ఇయ్యాల నాలుగు అని పెడితె, రేపటికి నిజమే అయితది."

"రేపు నిజమైతె రేపు రాస్త."

ఆమె సున్నానే పెట్టి ఇంటికి పోయింది. పాస్‌వర్డ్ అతని దగ్గర కూడా ఉంది. ఆమె వెళ్లాక అతను దాన్ని నాలుగు చేశాడు. పొద్దున లారీ రాలేదు.

మధ్యాహ్నం ఎండ మండిపోతుండగా కూరగాయలు తోలే చిన్న ట్రాలీ ఒకటి గేటు ముందు ఆగింది. రఘునాథపల్లి నుంచి వచ్చారు. ఇద్దరు కొడుకులు, తల్లి. పరుపు మీద తండ్రి. తల్లి ఒళ్లో ఆయన తల. పెదవులు నల్లబడి, పొట్ట ఎగసి ఎగసి పడుతోంది. వాచ్‌మన్ బెడ్లు లేవన్నాడు. పెద్దకొడుకు అతన్ని తోసేసి లోపలికి వచ్చాడు.

"ఫోన్ల నాలుగున్నయని ఉన్నది. జనగామల వరండాల మంచమిస్తమన్నరు, ఒక్క సిలిండర్ ఇద్దరికి పెడ్తమన్నరు. మీ కాడ నాలుగు ఖాళీగున్నయని చూసి ఇటు తీసుకొచ్చినం. జల్ది లోపలికి తీసుకోండ్రి సార్."

ట్రాలీలోంచి తల్లి గొణుగుతోంది. "ఆడనే ఉందామంటి గద కొడుకా. నువ్వే వినకపోతివి."

మత్తు డాక్టరమ్మ ఆ మాటలన్నీ విన్నదో లేదో తెలియదు. నేను చూసేసరికే ట్రాలీ ఎక్కి ఉంది. తల్లిని పక్కకు నెట్టి, ఆయన తల వెనక మోకాళ్ల మీద కూర్చుని, దవడ పైకెత్తి గొట్టం దించింది. ఊపిరి కొట్టే రబ్బరు సంచి తగిలించింది. "థియేటర్ల చిన్న సిలిండరున్నది. తే పో" అని నా మీద అరిచింది. ఆపరేషన్లలో అవసరానికి దాచుకున్న ఒకే ఒక్క సిలిండరు అది. దాన్నీ, దాన్ని తిప్పే ఇనుప పానానూ తెచ్చి ట్రాలీలో పెట్టాను. మీటరు ముల్లు ఎర్రగీత మీదికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అది అయిపోయాక వట్టి గాలే కొట్టింది.

"పీల్చు. పీల్చవయ్యా. గింత దూరం వచ్చినవ్ గద" అని ఆయన్ను తిడుతూనే ఉంది. గుండె ఆగింది. ఛాతీ మీద రెండు చేతులూ వేసి బలమంతా పెట్టి నొక్కింది. పక్కటెముక విరిగిన చప్పుడు కింద నిలబడ్డ నాకు కూడా వినిపించింది. చిన్నకొడుకు చెవులు మూసుకున్నాడు. ఆమె ఆపలేదు. కిట్టు లోపల చెమట ధారగా కారి మణికట్ల దగ్గర నుంచి ఆయన మీద పడుతోంది. నేను ఎక్కి చేయి పట్టుకుని "మేడం, అయిపోయింది" అనేదాకా ఆపలేదు.

ఆయన కళ్లు మూసి, ఆమె దిగింది. పెద్దకొడుకు తన ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు.

"ఇది మీ దవాఖాననే గదా?"

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"మాదే."

"నాలుగని ఉన్నది."

ఆ రోజుల్లో ఏ దవాఖానలో అడిగినా ఇదే జవాబు. వెబ్‌సైట్ ఆలస్యంగా మారుతుంది, మా చేతిలో లేదు. చాలాసార్లు అది నిజమే కూడా. ఆమె కూడా అదే అంటుందని నేననుకున్నాను. గొడవ విని మెట్ల మీదికి వచ్చిన యజమాని తనే ఆ మాట మొదలుపెట్టాడు. "చూడు బాబూ, వెబ్‌సైట్ జర లేటయితది..."

ఆమె అతని వైపు తిరిగింది. అంకె ఎవరు మార్చారో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిందనుకుంటాను. అతని ముఖం చూస్తూనే పెద్దకొడుకుతో అంది.

"లేటు కాదు. అది అబద్ధం. మా దవాఖాననే పెట్టింది."

ఎక్కడి నుంచో ఒక రాయి వచ్చి రిసెప్షన్ అద్దానికి తగిలింది. లోపలున్న పేషెంట్ల బంధువులు, గేటు దగ్గర బెడ్ల కోసం పడిగాపులు పడుతున్నవాళ్లు, మందుల షాపు ముందున్నవాళ్లు, అందరూ ఒకేసారి మీదికొచ్చారు. నిన్నటిదాకా మాకు దండాలు పెట్టినవాళ్లే. పూలకుండీలు లేచాయి. కంప్యూటరును వైర్లతో సహా పీకి మెట్ల మీద కొట్టారు. వాచ్‌మన్ కర్ర లాక్కుని అతన్నే కొట్టారు. నా నోటి మీద ఒక మోచేయి తగిలి పన్ను విరిగింది. రక్తం మింగుతూ నేను గోడకు జారిపోయాను. లోపల నర్సులు మంచాలు అడ్డం పెట్టి వార్డు తలుపు మూసుకున్నారు. ఆ తలుపు వెనక, ఉన్న కొద్దిపాటి గాలితో బతుకుతున్న వాళ్లు ఉన్నారు.

యజమానిని కాలర్ పట్టి మెట్ల మీద నుంచి ఈడ్చారు. కళ్లద్దాలు ఎగిరిపోయాయి. పొట్టలో, వీపులో, ముఖం మీద చెప్పులతో, బూట్లతో తన్నారు. అతను ముడుచుకుని నేల మీద దొర్లుతున్నాడు. అప్పుడు పెద్దకొడుకు ట్రాలీలోంచి పానా తీశాడు. నేను తెచ్చిపెట్టిన పానానే.

ఆమె ఎటునుంచి వచ్చిందో చూడలేదు. వచ్చి యజమాని మీద బోర్లా పడింది. కుడి చేయి అతని తలకు అడ్డం పెట్టింది. పానా దిగింది. తడిసిన కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరవలేదు, చేయి తీయలేదు. మళ్లీ దిగింది. మళ్లీ. పెద్దకొడుకు కళ్లు మూసుకుని కొడుతున్నాడు. ఎవరిని కొడుతున్నాడో అతనికి తెలియదు.

ట్రాలీ మీద నుంచి తల్లి అంది. "ఒద్దు కొడుకా. మీ బాపుకు ఊపిరూదిన చెయ్యిరా అది."

పెద్దగా అరిచి అన్న మాట కాదు. గొంతు పోయి ఉంది ఆమెకు. అయినా అతనికి వినిపించింది. కళ్లు తెరిచి కిందికి చూశాడు. పానా చేతిలోంచి జారిపోయింది. పోలీసు జీపు వచ్చేసరికి అతను ట్రాలీ చక్రానికి ఆనుకుని కూర్చుని, తండ్రి పాదం పట్టుకుని ఉన్నాడు.

యజమానికి పక్కటెముకలు విరిగాయి, తలకు కుట్లు పడ్డాయి. బతికాడు. ఆమె మణికట్టు నుజ్జయింది. మొదట కట్టిన కట్టుతో ఎముక సరిగా అతకలేదు. మళ్లీ కోసి రాడ్డు వేయాలన్నారు. హైదరాబాదు పొమ్మని అందరం చెప్పాం. ఆమె వినలేదు. "పగులగొట్టించింది వాడు. వాడే అతికించాలె" అంది.

అలా కొన్ని వారాల తర్వాత, నుదుటి మీద కుట్ల మచ్చలతో, నిలబడితే నొప్పి పుట్టే ఒంటితో యజమానే ఆపరేషన్ చేశాడు. నేను పక్కన ఉన్నాను. చేయి ఒక్కటే మొద్దుబారేటట్టు మందు ఇమ్మంది. పూర్తి మత్తు వద్దంది. జీవితమంతా మనుషులను నిద్రపుచ్చిన మనిషి, తన వంతు వచ్చేసరికి మెలకువగా ఉంటానంది.

"వీడేం జేస్తడో చూడాలె నేను."

సగంలో అతను అడిగాడు. తల ఎత్తకుండా, ఎముక వైపే చూస్తూ అడిగాడు.

"వాళ్లకు చెప్పింది నువ్వే. చెప్పి, మల్ల నా మీదెందుకు పడ్డవ్?"

"చెప్పింది నిజమని. పడ్డది నువ్వు చస్తవని. రెండిట్ల సంబంధమేమున్నది?"

అతని మాస్కు తడిసింది. నర్సు గుడ్డతో కళ్లు అద్దింది.

"ఏడువకు" అంది ఆమె. "చెయ్యి వణుకుతది. స్క్రూ సక్కగ పెట్టు."

స్క్రూ చక్కగానే పడింది. నరాలు మాత్రం కోలుకోలేదు. ఆ చేతితో ఆమె మళ్లీ ఎవరికీ గొట్టం వేయలేదు.

విచారణ కమిటీ వేశారు. దవాఖాన తరఫు వకీలు ఆమె ఇంటికి వచ్చి, వెబ్‌సైట్‌లో ఏదో సాంకేతిక లోపం అంటే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడు. ఆమె అతన్ని బయటికి తోసింది. ఎడమచేత్తోనే. కమిటీ ముందు జరిగింది జరిగినట్టు చెప్పింది. తను సున్నా అని పెట్టడమూ యజమాని నాలుగని మార్చడమూ, సున్నా పెట్టొద్దని వచ్చిన ఫోనూ, అన్నీ. ఫోన్ సంగతి వాళ్లు రాసుకోలేదని తర్వాత తెలిసింది. నాలుగు సంగతి రాసుకున్నారు. అనుమతి రద్దయింది. కొన్నాళ్లకు దవాఖాన మూతపడింది. యజమాని ఇప్పుడు వేరే ఎవరిదో దవాఖానలో పనిచేస్తున్నాడు. ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె చనిపోయిన రోజు కూడా రాలేదు.

పని పోయిన నర్సులు కొందరు ఆమె ఇంటి ముందుకే వచ్చి శాపనార్థాలు పెట్టారు. "నీ నిజం మా కడుపుల మీద కొట్టింది మేడం" అంది ఒకామె. ఎప్పుడూ ఎదురు దెబ్బ వేసే మనిషి, ఆ రోజు తల వంచుకుని అరుగు మీద కూర్చుంది. వాళ్లు అలిసిపోయేదాకా విన్నది.

ఇటువైపు రఘునాథపల్లి నుంచి పెద్దమనుషులు వచ్చారు. పెద్దకొడుకు జైల్లో ఉన్నాడు. ఎవరు కొట్టారో చూడలేదని చెప్పమ్మా, నీ పుణ్యముంటదని బతిమాలారు.

"కొట్టిండు. కొట్టలేదని ఎట్ల చెప్పాలె?" అని వాళ్లనూ పంపేసింది.

అందుకే ఆమెకు ఏ పక్కా మనుషులు మిగల్లేదు. కేసు కోర్టుకు వచ్చేటప్పుడు తోడు రావడానికి నేనొక్కణ్నే ఉన్నాను. దెబ్బలు తిన్న మనిషి ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చని పెద్దకొడుకు తరఫు వకీలు చెప్పాడు. ఒప్పుకుంటానంది. జడ్జి గారు అడిగారు, రాజీకి ఇష్టమేనా అని.

"ఇష్టమే సార్. ముందుగాల కొట్టిండని రాసుకోండ్రి. వాళ్ల నాయిన అప్పుడే నా చేతుల పోయిండని గూడ రాసుకోండ్రి. తర్వాత రాజీ రాసుకోండ్రి."

జడ్జి గారు ఆమె చేయి వైపు చూశారు. గుమాస్తాతో రాయమన్నారు.

బయట కోర్టు మెట్ల దగ్గర ఆ కుటుంబం నిలబడి ఉంది. బెయిల్ మీద బయటికి వచ్చిన పెద్దకొడుకు బాగా చిక్కిపోయాడు. తల్లి ముందుకు వచ్చింది. కాళ్ల మీద పడుతుందేమోనని నేను అడ్డం వెళ్లబోయాను. పడలేదు. నిలబడే అడిగింది.

"అమ్మా, ఒక్క మాట అడుగుత. జనగామల్నే ఉంటె ఆయన బతుకుతుండెనా?"

ఆ ప్రశ్న పెద్దకొడుకును ఇంట్లో రోజూ కాలుస్తోందని అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది. బతికేవాడు కాదమ్మా అనమని నేను మనసులో ఆమెను వేడుకున్నాను. ఆ ఒక్క మాటతో అందరూ ఇళ్లకు పోవచ్చు.

ఆమె పెద్దకొడుకు వైపు ఒకసారి చూసి, తల్లితో అంది.

"తెలువదమ్మా. బతుకుతుండెనేమో. బతుకకపోతుండె అని మాత్రం నేను చెప్ప."

పెద్దకొడుకు మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె అతని దగ్గరికి పోయింది. ఎడమచేత్తో కాలర్ పట్టి పైకి గుంజింది. అంగీ గుండీ తెగి దొర్లిపోయింది.

"ఇటు జూడు. ఫోన్ల ఉన్నది చూసి వచ్చినవ్. జనం నమ్మాల్ననే గదా అది పెట్టేది. పెట్టింది మేము. మీ బాపు పానం మా మీద ఉన్నది, నీ మీద లేదు. అది నువ్వు మొయ్యకు." వంకరపోయిన కుడి చేయి ఎత్తి అతని ముఖం ముందు పెట్టింది. "ఇది నీది. ఇది మోయి. చాలు."

అతను ఆ చేతి మీద నుదురు ఆనించి ఏడ్చాడు. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. తల్లి కొడుకు వీపు మీద చేయి వేసింది.

ఆమె పెట్టింది సున్నా అని వాళ్లకు తెలియదు. కమిటీ ముందు చెప్పినవేవీ రఘునాథపల్లి దాకా పోలేదు. ఆమె నోట వచ్చిన ఆ 'మేము' నాకు భరించరానిదిగా అనిపించింది. "లేదమ్మా, ఈమె పెట్టింది..." అని నేను నోరు తెరిచాను.

ఆమె నా కాలు తొక్కింది. మడమతో, ఒళ్లు బరువంతా వేసి, వాళ్లు ముగ్గురూ ఆటో ఎక్కి మలుపు తిరిగేదాకా తీయకుండా తొక్కి ఉంచింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మాత్రం రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బూటు విప్పితే, బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది.